జోజప్పగారిని తాయెత్తులో బిగించాను

సహోదరులారా, సహోదరీలారా, మా తెరేజకు ఇంకా మూడేళ్లు నిండని ఆ ఎండాకాలంలో వాంతులు, విరేచనాలు పట్టుకొని, కళ్లు గుంటలు పడి, నాలుక పిడచగట్టి, ఏడుద్దామన్నా కన్నీళ్లు రాక బిడ్డ నా ఒళ్లో వాలిపోతుంటే, రెండు రోజులు నేనేం చేస్తూ కూర్చున్నానో చెప్పాలంటే ఇవాళ్టికీ నాకు నా మీదే ఒళ్లు మండుతుంది. ఏడుపొస్తుందని అనుకోకండి, కోపమే వస్తుంది. ఆ కోపంతోనే ఈ సాక్ష్యం రాస్తున్నాను.

నాది చొప్పదండి దగ్గర పల్లె. కాగజ్‌నగర్‌లో కాగితం మిల్లు పనివాడికిచ్చి పెళ్లి చేశారు. అక్కడ గుడి ఉపదేశిగారి దగ్గర అక్షరాలు నేర్చుకొని, మా ఆయనతో కలిసి జ్ఞానస్నానం పొంది, లచ్చవ్వనల్లా లూర్దమ్మనయ్యాను. మా అత్త మల్లవ్వ మాత్రం స్నానం పొందలేదు, నన్ను లచ్చవ్వా అనడం మానలేదు. చదువొచ్చిన కొత్తలో పునీతుల జీవితాలు విన్నవన్నీ నాకు తోచిన మాటల్లో నోటుబుక్కులో రాసుకునేదాన్ని, గుడి గురువుగారు వాటిని పండుగనాడు పూజలో చదివించేవారు, ఆడవాళ్లు మెచ్చుకునేవారు, దాంతో నాకు కొమ్ములొచ్చాయి. ప్రభువును పెంచిన తండ్రి జోజప్పగారంటే నాకు ప్రాణం, ఆయన మీద నేను రాసిన కాగితమంటే ఇంకా ప్రాణం.

బిడ్డకు జబ్బు చేసిన మొదటిరోజే మా అత్త అంది, "పోశవ్వకన్న మొక్కు, లేకుంటే సిస్టరమ్మల దవఖానకన్న పోదాం పా" అని. నేను రెండూ కాదన్నాను. ఎందుకంటే వాడకట్టు ఆడవాళ్లందరి ముందు, మా జోజప్ప ఉండగా నా బిడ్డకు ఏ మందూ అక్కర్లేదని ముందే కోతలు కోసి ఉన్నాను! ఇప్పుడు దవాఖానకు పోతే నా విశ్వాసం ఇంతేనా అంటారని భయం. మరి చేసిందేమిటి? మా తల్లిగారింట్లో పిల్లలకు దగ్గొచ్చినా దడుపొచ్చినా చేతి రెట్టకు తాయెత్తు కట్టడమే ఎరుగుదును గనుక, పాత రాగి తాయెత్తు ఒకటి తీసి, లోపలి మంత్రగాడి రేకు పారేసి, జోజప్పగారి మీద నేను రాసిన కాగితాన్ని సన్నగా చుట్టి అందులో దూర్చి, లక్కతో మూతి మూసి, బిడ్డ రెట్టకు కట్టాను. పేరు మారింది, గుడి మారింది, నా బుద్ధి మాత్రం ఆ రాగి గొట్టంలోనే ఉంది.

రెండోరోజు మధ్యాహ్నం, మా ఆయన మిల్లులో ఉన్నాడు, బిడ్డ మూలగడం కూడా మానేసింది. మా అత్త వచ్చి ఎదురుగా కూర్చుంది.

"లచ్చవ్వా, గా తాయెత్తుల ఏం రాసినవో జర సదువు."

"అది దేవుని మాట అత్తా, విప్పొద్దు."

"దేవుని మాటైతే చెవిల పడాలె గని, రెట్టకు కడితే ఎట్ల ఇనబడ్తది?"

అని, నేను వద్దంటున్నా వినకుండా దారం తెంపి, అడకత్తెరతో లక్క పగలగొట్టి, కాగితం నా చేతిలో పెట్టింది. ఆమెకు చదువు రాదు. నేను కోపంగానే చదివాను. బాల ప్రభువు ప్రాణానికి ముప్పుందని దేవదూత చెప్పగానే జోజప్పగారు ఎందుకని అడగలేదు, పొరుగువాళ్లు ఏమంటారోనని ఆగలేదు, లేచారు, బిడ్డను తల్లిని వెంటబెట్టుకొని పరాయి దేశానికి నడిచారు. ఇది నా చేతి రాతే, గుడిలో అందరూ మెచ్చుకున్న రాత.

మా అత్త అంతా విని, "గాయిన లేసిండు, నడిసిండు. మరి నువ్వెందుకు కూసున్నవే?" అంది.

ఆ మాటకు ముందు ఆమె మీద కోపమొచ్చింది, తర్వాత నా మీదికి తిరిగింది, అంత సిగ్గు నేను జన్మలో ఎరుగను. బిడ్డను భుజాన వేసుకొని బయలుదేరాను. నాలుగు మైళ్లు, నెత్తి మాడే ఎండ, మా అత్తా నేనూ చేతులు మార్చుకుంటూ జొన్న కొయ్యకాళ్ల మీదుగా నడిచాం. దారి పొడవునా నా ప్రార్థన ఒక్కటే, "జోజప్పా, నిన్ను లక్కేసి మూసిన, తప్పయింది. నా తప్పు నా బిడ్డ మీద పెట్టకు. ప్రభువు దగ్గర నా కోసం ఒక్క మాట చెప్పు, నా బిడ్డ బతకాలె."

దవాఖానలో సిస్టరమ్మ బిడ్డను చూసి, "ఇంకో పూట ఆగితే ఇక్కడికి తెచ్చే పని ఉండకపోవును" అంది. సీసా నీళ్లు ఎక్కించారు. మూడోరోజు తెల్లవారి తెరేజ కళ్లు తెరిచి తినడానికి జొన్న గటక కావాలంది. ఆ మాట వినిపించిన దేవునికే మహిమ, ఘనత, స్తోత్రం!

ఇదంతా ఇప్పుడెందుకంటే, నా రాతలు ఈమధ్య మన పత్రికలో అచ్చవుతున్నాయి గదా, పోయిన పండుగనాడు గుడిలో ఒక తల్లి చంకలో బిడ్డను చూశాను. మెడలో దారం, దారానికి మడత పెట్టి కుట్టిన కాగితం. ఏమిటమ్మా అంటే, "మన పత్రికల మీరు రాసిందే అక్కా, మీ రాతల మహిమ ఉన్నదంట గదా" అంది. బిడ్డ చెవిలోంచి చీము కారుతోంది. అక్కడే ఆ కాగితం విప్పి ఆమెకు చదివి వినిపించి, చెయ్యి పట్టుకొని దవాఖానకు తీసుకుపోయాను. ఆమె బిడ్డ మెడలో కాగితాన్ని చూసి అక్కడ నవ్విన చదువుకున్న పెద్దలకూ చెబుతున్నాను, నవ్వకండి. గోడకు పటం వేలాడదీసి ఏడాదికొకసారి దండ వేసి, ఆ పునీతుడు చేసిన పనిలో వీసమెత్తు చేయని మీకూ ఆమెకూ తేడా ఏమీ లేదు.

మీ అత్త ఇంకా జ్ఞానస్నానం పొందలేదా అని కొందరు నన్ను దెప్పుతారు. ఆమె సంగతి ప్రభువు చూసుకుంటాడు. ఆరోజు నా ఇంటికి ఆయన పంపిన మనిషి ఆమే, నేను కాదు.

కనుక ప్రియులారా, ప్రభువును నమ్మండి, పునీతుల సాయం అడగండి, అడిగి లేవండి. మీలో ఎవరి ఇంట్లోనైనా ఇప్పుడు బిడ్డ ఒళ్లు కాలిపోతుంటే ఈ పత్రిక ఇక్కడే కింద పెట్టి ముందు బిడ్డను ఎత్తుకోండి. నా సాక్ష్యం సగంలో ఆపారని దేవుడేమీ అనుకోడు.