పసుపు పెట్టిన పాలసీ

ఆ ఏజెంటును తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

శృంగవరపుకోట దాటాక కొండ కిందే మా ఊరు. ఏటా ఎండలు ముదిరేవేళ పోడు సాగుకోసం కొండమీద తుప్పలు కాలుస్తారు. గాలి తిరిగిందంటే నిప్పు కిందికి దిగుతుంది. అరవైల చివర్లో ఒక ఏడు అలాగే దిగి మా చిన్నాన్న ఇంటిని బూడిద చేసింది. ఇక నాన్నకు కంటిమీద కునుకు లేదు. మా ఇంటికైనా ఇన్సూరెన్సు చేయించాలని మరుసటి ఏడు విజయనగరం నుంచి ఒక ఏజెంటును వెంటబెట్టుకొచ్చాడు. ఆ రోజు నేనూ ఇంట్లోనే ఉన్నాను.

ఆ పెద్దమనిషి అరుగుమీద కూర్చున్నాడు. ఎదురుగా కొండమీద పొగ లేస్తోంది. నాన్న ఆ పొగనే చూపించి, మా భయం అదేనని చెప్పాడు. ఆయన తల ఊపాడు. అమ్మ వండిన కోడికూరతో సుష్టుగా భోంచేశాడు. చెయ్యి కడుక్కుని, పెంకుటిల్లు బాగానే ఉందిగానీ దాన్ని ఆనుకున్న తాటాకు వంటపాక తీసేస్తేనే పని జరుగుతుందన్నాడు. ఆ పాక అమ్మ సొంతం. గోడలు తనే మెత్తుకుంది, తనే అలుక్కుంది. మర్నాడే నాన్న దాన్ని పీకించేశాడు. అప్పటినుంచి అమ్మ పెరట్లో మూడు రాళ్లు పెట్టుకుని నడినెత్తిన ఎండతో వండింది.

నేను మళ్లీ కాలేజీకి వెళ్లాక పాలసీ వచ్చింది. అంతా ఇంగ్లీషు. మా ఇంట్లో విలువైన కాగితం ఏది వచ్చినా నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి గూట్లో పెడతారు. పెట్టాక ఇంకెవరూ ముట్టరు. దీన్నీ అలాగే పెట్టేశారు, ఒక్కరితోనైనా చదివించుకోకుండా! వేసవి సెలవులకు వచ్చి, అమ్మ ఎండలో పొయ్యి ఊదుతుంటే చూడలేక, స్నానం చేసి ఆ కాగితం నేనే తీశాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని మూడుసార్లు చదివాను. అడవి మంటకు, తుప్పల మంటకు, భూమి సాగుకోసం పెట్టే మంటకు కంపెనీ బాధ్యత లేదని చిన్నక్షరాల్లో ఉంది.

మర్నాడు నాన్నా నేనూ ఆఫీసుకు వెళ్లాం. ఏజెంటు నవ్వుతూ, వాటికి షరతు వేరని, విడిగా అడిగి రాయించుకోవాల్సిందని అన్నాడు. పొగ చూపించి మరీ అడిగితే, ఇంకెలా అడగాలట? ఇంట్లో పొయ్యి నిప్పు అంటుకుంటే తప్పకుండా ఇస్తారట. ఆ పొయ్యిని ఇంట్లోంచి గెంటించిందే తను! నాకు ఏడుపొచ్చింది. నాన్న మాత్రం తలవంచుకుని బయటికి నడిచాడు.

ఇంటికొచ్చి అంతా చెబితే అమ్మ పొయ్యిలో కర్ర వెనక్కి లాగి లేచింది.

"కొండ నిప్పొస్తే నీళ్లు నాను పోస్తాను. ముందు నా పాక నాకు కట్టియ్యి. ఆడికి కోడి వొండి పెట్టింది ఆ పాకలోనే గదా. తిన్న నోటితోనే పీకెయ్యమన్నాడు."

నాన్న ఆ సాయంత్రమే తాటాకు కోసం బండి కట్టాడు.