కార్డు మీద సుద్దపొడి

మా పెద్దమ్మ ముప్పై ఒక్క ఏళ్ళు చర్చిలో పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పింది, నలభై ఏళ్ళు బట్టలు కుట్టింది. రెండు పనుల్లోనూ ఆమెది ఒకటే పద్ధతి. కొలత తప్పితే కత్తిరించి పారేయడమే. అందుకే పిల్లలు చాటుగా కత్తెరమ్మ అనేవాళ్ళు. ఆ పేరు ఆమెకు తెలుసు. తెలిసి మురిసిపోయింది కూడా. ఆమె పోయినప్పుడు ఫాదర్‌గారు పీఠం ముందు నిలబడి, వెయ్యిమంది పిల్లల విశ్వాసానికి పాలు పట్టిన తల్లి అన్నారు. నేను మొదటి బెంచీలో చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఏడుస్తున్నాననుకుని పక్కావిడ నా వీపు నిమిరింది.

వెయ్యిమంది మాటేమో గానీ ఒక పిల్ల సంగతి నాకు తెలుసు. అది దాచి మా పెద్దమ్మ గురించి చెప్పడమంటే లైనింగు లేకుండా కోటు కుట్టడమే.

అమ్మ పోయాక ఆరేళ్ళ వయసులో నేను పెద్దమ్మ ఇంటికి చేరాను. ముందు గది కుట్టు దుకాణం, వెనక గది ఇల్లు. ఆమె మెడలో ఎప్పుడూ టేపు, పెదవుల మధ్య గుండుసూదులు. సాయంత్రం నేను బల్ల కింద కూర్చుని అయస్కాంతంతో రాలిన సూదులు ఏరుతూ జపాలు అప్పజెప్పేదాన్ని. పరలోక జపంలో ఒక్క మాట జారితే సూదులు తీయకుండానే "ఊఁ" అనేది. ఆ ఒక్క "ఊఁ"కు నేను మళ్ళీ మొదటినించీ మొదలుపెట్టేదాన్ని.

పెదనాన్న అచ్చాఫీసులో అక్షరాలు పేర్చేవాడు. ఇంటికి రాగానే చొక్కా విప్పి, రేడియో పెట్టుకుని పడుకునేవాడు. జపానికి రమ్మని పెద్దమ్మ పిలిస్తే, "నువ్వూ దేవుడూ మాట్లాడుకుంటుంటే మధ్యలో నేనెందుకే?" అని అటు తిరిగేవాడు. చెడ్డవాడు కాదు. మోకాళ్ళు వంచడానికి బద్ధకం, అంతే.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు చర్చికి కొత్త ఫాదర్‌గారు వచ్చారు. తల్లిదండ్రులు పిల్లల్ని చాకలికి బట్టలు పడేసినట్టు చర్చిలో పడేసి పోతున్నారని, ఇంట్లో జపం లేకపోతే ఇక్కడ ఎంత చెప్పినా దండగని ఆయన బాధపడ్డారు. పెద్దమ్మ వెంటనే ఒక ఉపాయం చెప్పింది. అదే కుటుంబ ప్రార్థన కార్డు. ఇరవై నాలుగు వారాలు, వారానికి రెండు గీతలు. ఇంటిల్లిపాదీ కలిసి జపం చేశామని ఒక గీత మీద తండ్రి, ఇంకో గీత మీద తల్లి సంతకం పెట్టాలి. ఒక్క గీత ఖాళీగా ఉన్నా ఆ ఏడు ఆ పిల్లకు మొదటి సత్ప్రసాదం లేదు. పిల్లలు తెల్లబట్టల్లో వరుసగా వెళ్ళి, దేవుడి శరీరమని ఫాదర్‌గారిచ్చే అప్పాన్ని తొలిసారి అందుకునే పండగ అది. కార్డులు పెదనాన్నే అచ్చు వేసిచ్చాడు. నమూనాగా నా కార్డును చర్చి బోర్డుకు గుచ్చారు. అందరూ దాన్ని చూసి నేర్చుకోవాలట.

శనివారం సాయంత్రం అది బోర్డు మీంచి ఇంటికి వచ్చేది. పెద్దమ్మ మెషిను మూసి, కుడిచేత్తో తన సంతకం పెట్టేది. తర్వాత పెన్ను ఎడమ చేతికి మార్చుకుని పెదనాన్న సంతకం పెట్టేది. ఎడమ చేత్తో రాస్తే చెయ్యి తడి సిరా మీద పాకి మరక అవుతుంది కదా, అందుకని గుడ్డ మీద గీతలు గీసే నీలం సుద్దను గోటితో గీకి, ఆ పొడి చల్లి, ఉఫ్ అని ఊదేది. ముఖంలో సిగ్గూ లేదు, భయమూ లేదు. కాజా కుట్టేటప్పుడు ఎంత శ్రద్ధో అంతే శ్రద్ధ. నేను చూస్తున్నానని తెలిసి, "పెదనాన్నకి తీరిక లేదు. దేవుడికి తెలుసులే," అనేది.

క్లాసులో నా పక్కన కూర్చునే పిల్లను గుప్పెడు అనేవాళ్ళం. అంత చిన్నగా ఉండేది. తల్లి ఆసుపత్రిలో వార్డులు ఊడ్చేది. పద్నాలుగో వారంలో తండ్రి ఇల్లు వదిలి ఇంకొకావిడ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ సంగతి గుప్పెడు నాకు ఒక్కదానికే చెప్పింది. వెళ్తూ వెళ్తూ ఆయన దాని తల మీద చెయ్యి వేసి, "నీ సత్ప్రసాదం రోజు చర్చికి తప్పకుండా వస్తా," అన్నాడట. ఇంటి గడప తొక్కే మొహం ఆయనకు లేదు, తొక్కనిచ్చే మనసు గుప్పెడు తల్లికి లేదు. ఇక మిగిలింది చర్చి ఒక్కటే. ఆ రోజు వరుసలో నిలబడితేనే గుప్పెడు నాన్నను చూస్తుంది.

"రేపు కార్డు చూపించాలి. నాన్న గీత ఖాళీగా ఉందే," అంది ఒక శనివారం.

"ఎడమ చేత్తో నువ్వే పెట్టేయ్. మా పెద్దమ్మ అలాగే పెడుతుంది," అన్నాను. జేబులోంచి ఒక సుద్దముక్క తీసి ఇచ్చి, పొడి ఎలా చల్లాలో కూడా చెప్పాను.

అప్పుడు నాకు అది పాపమనిపించలేదు. మా ఇంట్లో జరిగే జపాల్లో అదొకటి అనుకున్నాను.

పది వారాలు సాఫీగా గడిచాయి. ఈలోగా పెద్దమ్మ గౌన్లు కుట్టడం మొదలుపెట్టింది. ఆ ఏడు ఆడపిల్లలం ఏడుగురం. చర్చి ఇచ్చిన తెల్ల శాటిను ఆరుగురికే సరిపోయింది. "ఇంటిపిల్లవే కదా, నీకు పాతది చాలు," అని నాకు ఎవరో విడిచిన, పసుపు తిరిగిన గౌను తీసిపెట్టింది. గుప్పెడు గౌనుకు మాత్రం వీపు మీద ఆరు ముత్యపు బొత్తాలు కుట్టింది. అది కొలతకు వచ్చినప్పుడల్లా అద్దం ముందు మెడ తిప్పి ఆ బొత్తాలు లెక్కపెట్టుకునేది. నాన్న ఒకసారి పక్కింటికి ఫోను చేస్తే చెప్పిందట కూడా, వెనకనించి చూసినా గుర్తుపడతావులే అని. నాకు కడుపు మండిపోయింది.

పండగకు ముందు ఆదివారం పెద్దమ్మ కార్డులన్నీ బల్ల మీద పెట్టుకుని ఒక్కొక్కటే తిరగేసింది. గుప్పెడు కార్డు దగ్గర ఆగింది. బొటనవేలును చూపుడువేలితో రుద్దుకుంది. వేళ్ళకు నీలంగా అంటింది. తలెత్తి నావైపు చూసింది. ఒక్కసారే. తర్వాత గుప్పెడును నిలబెట్టింది.

"ఈ సంతకం ఎవరిది?"

"మా నాన్నదండీ."

"పోయిన వారం పెట్టిందేనా?"

"అవునండీ."

"అయితే సాయంత్రం ఒకసారి మీ నాన్నని రమ్మను. మాట్లాడాలి."

"ఊళ్ళో లేరండీ."

"ఊళ్ళో లేని మనిషి వారం వారం సంతకం ఎలా పెట్టాడమ్మా? చెయ్యి ఇక్కడ వదిలేసి వెళ్ళాడా?"

పిల్లలు ఫక్కున నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ తర్వాత పెద్దమ్మ ఊరుకోలేదు. తండ్రి ఎప్పుడు పోయాడు, ఎవరి దగ్గర ఉంటున్నాడు, అమ్మకు ఈ సంతకాల సంగతి తెలుసా, అన్నీ అందరి ముందూ అడిగింది. ఆ పిల్ల చేత ఒక్కో ముక్కా కుట్లు విప్పినట్టు విప్పించింది. చివరికి గుప్పెడు ఒంటి మీది పాత గౌను అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇక ఒకే ప్రశ్న మిగిలింది, ఏ టీచరైనా అడిగేది: ఇది నీకు ఎవరు నేర్పారు? నేను కుక్కిన పేనులా కూర్చుని దానికోసం ఎదురుచూశాను. పెద్దమ్మ అడగలేదు. అడగకుండానే గుప్పెడు నావైపు తిరిగింది. నేను చెప్పుల వైపు చూసుకున్నాను. అది నా పేరు చెప్పలేదు.

"దొంగసంతకం పెట్టిన చేత్తో దేవుణ్ణి తీసుకుంటావా?" అని పెద్దమ్మ గదంతా అదిరేలా అరిచింది. "ఈ ఏడు నీకు లేదు. ఇంటికి పో!"

దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు. దొరగారి కార్డు ఆ పక్క బోర్డు మీదే ఉంది.

మర్నాడు గుప్పెడు తల్లి పనిబట్టలతోనే దుకాణానికి వచ్చింది. "తప్పేనండీ. కావాలంటే నన్ను శిక్షించండి. పిల్లని వరుసలో నిలబడనివ్వండి. వాళ్ళ నాన్న ఈ ఒక్కరోజే వస్తానన్నాడు. వచ్చే ఏటికి వాడికి ఈ పిల్ల గుర్తుంటుందో లేదో," అని బతిమాలింది.

పెద్దమ్మ సూదులు తీయకుండా, "ఊఁ," అంది. తర్వాత తీసి, "ఒకరికి సడలిస్తే అందరూ జారిపోతారమ్మా. నేనేం చేయను?" అంది.

ఆవిడ గోడకు వేలాడుతున్న గౌను వైపు చూసింది. "పోనీ ఆ గౌనైనా ఇప్పించండి. ఇంట్లో వేసుకుంటుంది."

"చర్చి గుడ్డ. బయటికివ్వకూడదు."

ఆవిడ వీధి మలుపు తిరగకముందే పెద్దమ్మ టేపు నా నడుముకు చుట్టింది. పెరిగే పిల్లల బట్టల్లో ఆమె ఎప్పుడూ లోపల ఎక్కువ గుడ్డ వదిలేది. గుప్పెడు గౌను లోపలి గుడ్డంతా విప్పి, పక్కలు వదులు చేసి, అంచు నాలుగు వేళ్ళు దించింది.

"ఇది గుప్పెడుది కదా పెద్దమ్మా?"

"కదలకు. సూదులున్నాయి."

నేను కదల్లేదు. నిజం చెప్పాలంటే సంతోషంగా కూడా ఉంది.

పండగరోజు చర్చి మెట్ల కింద ఏడుగురు ఆడపిల్లలకు బదులు ఆరుగురం వరుసగా నిలబడ్డాం. వెనకనించి ఎవరో నా భుజం మీద చెయ్యి వేశారు. "అమ్మో, ఎంత ఎదిగిపోయావే!" అన్నారు. తిరిగి చూశాను. గుప్పెడు తండ్రి. చంకలో బూట్ల పెట్టె ఉంది. నా ముఖం చూడగానే ఆయన నవ్వు ఆగిపోయింది.

"బొత్తాలు చూసి మా పాపే అనుకున్నా. ఏదమ్మా మా పాప?"

నేను నోరు తెరిచేలోగా పెద్దమ్మ వచ్చింది. "ఈ ఏడు మీ పాప లేదండీ. దొంగసంతకాలు పెట్టింది. మీ పేరే."

"నా పేరా?" అన్నాడాయన. పెట్టె ముందుకు చాపాడు. "ఇది..."

"ఇంటికెళ్ళి మీరే ఇచ్చుకోండి," అంది పెద్దమ్మ. వెళ్ళలేడని ఆమెకు తెలుసు. ఆయన పెట్టె మళ్ళీ చంకలో పెట్టుకుని, వాళ్ళ వీధి వైపు కాకుండా బస్సుల వైపు వెళ్ళిపోయాడు.

లోపల ఫాదర్‌గారు ఆదర్శ కుటుంబమని పెదనాన్నను పిలిచి పెద్ద కొవ్వొత్తి చేతికిచ్చారు. ఇరవై నాలుగు వారాలు ఒక్కటీ తప్పకుండా సంతకం పెట్టిన తండ్రి అన్నారు. ఆయన కొవ్వొత్తి పట్టుకుని వచ్చి, "నేనెప్పుడు పెట్టానే?" అని పెద్దమ్మ చెవిలో అడిగాడు.

"నోరు మూసుకుని నిలబడండి. మైనం కారుతోంది," అంది. ఆయన నిలబడ్డాడు. ఫొటో కూడా తీశారు.

మర్నాడు బడి గోడ దగ్గర గుప్పెడు నన్ను ఆపింది. కోపంగా లేదు. "మా నాన్న వచ్చాడా?" అని అడిగింది.

"లేదు," అన్నాను.

ఎందుకలా అన్నావని ఎవరైనా అడిగితే ఇదీ జవాబు: వచ్చాడంటే ఎవరిని చూసి నువ్వనుకున్నాడో చెప్పాలి, అప్పుడు గౌను సంగతి చెప్పాలి. గుప్పెడు తలూపి వెళ్ళిపోయింది. ఆ తర్వాత తల్లీకూతుళ్ళు చర్చి వైపు రాలేదు. కొన్నాళ్ళకు ఇల్లు కూడా మారారు. పెద్దమ్మ మరో ఇరవై రెండేళ్ళు కార్డులు పంచింది.

మంచం పట్టాక ఒక మధ్యాహ్నం నేను గంజి తాగిస్తుంటే ఆమే ఎత్తింది. "ఆ గుప్పెడు ఎక్కడుందో."

"తెలీదు."

"సుద్ద వేలికి అంటగానే తెలిసింది, మన దుకాణందేనని. నేర్పింది నువ్వేనని."

చెంచా గిన్నెలో పెట్టేశాను. "మరి అడగలేదేం?"

"అడిగితే అది నీ పేరు చెప్పేది. నువ్వు నా పేరు చెప్పేదానివి. అది నోరు తెరవకముందే తేల్చేయాలని అంత గట్టిగా అరిచాను." మూతి తుడిపించుకుంది. ఇప్పుడైనా కంట నీరు పెడుతుందేమోనని చూశాను. ఆమె దుప్పటి అంచును వేళ్ళతో తడుముతూ ఏదో ఆలోచిస్తోంది.

"ఆ గౌను అంచు దించాను కదా. శాటిను మీద పాత మడత పోదు, మొండిది. తడిగుడ్డ వేసి మూడుసార్లు ఇస్త్రీ చేశాను. గీత ఎక్కడా కనబడలేదు కదే?"

"కనబడలేదు పెద్దమ్మా," అన్నాను. ఆమె తృప్తిగా కళ్ళు మూసుకుంది.

కనబడింది. ఆయన పెట్టె పట్టుకుని వెళ్ళిపోతున్నంతసేపూ నేను తల వంచుకుని ఆ గీతనే చూస్తూ నిలబడ్డాను.