పేరు రాయమన్నది నేనే

భూపాలపల్లిలో ఇప్పుడు నేను పనిచేసే బడిలో కూడా పిల్లలతో కవితలు రాయిస్తూనే ఉన్నాను. వాన మీద, చెరువు మీద, బొగ్గు లారీల మీద. "నా గురించి రాస్త టీచర్" అని ఎవరైనా లేస్తే "వద్దమ్మా, వాన మీద రాయి" అంటాను. ఇంత పిరికిదాన్నయ్యానేమిటని నా మీద నాకే ఒళ్లు మండుతుంది. అయినా అదే మాట అంటాను.

ముందు ఇట్లా ఉండేదాన్ని కాదు. మాది జనగామ జిల్లా, దేవరుప్పుల వైపు పల్లె. ట్రైనింగ్ కాలేజీలో మొదటిరోజు లేచి "నిన్ననే వచ్చిన సార్" అన్నందుకు క్లాసు క్లాసంతా నవ్వింది. సినిమాల్లో కామెడీ వేషానికి పెట్టే భాష నిజంగా మాట్లాడే మనిషి దొరికిందని వాళ్ల సంబరం. ఆ నవ్వు ఏళ్ల తరబడి నా చెవుల్లోంచి పోలేదు. అందుకే మహబూబాబాద్ జిల్లాలో, గూడూరు అవతల ఒక హైస్కూలుకు తెలుగు టీచర్‌గా వెళ్లినప్పుడు పంతం పట్టాను. నా పిల్లలు తమ మాటకు గానీ, తమ బతుకుకు గానీ సిగ్గుపడకూడదు.

పదో తరగతి వాళ్లను "నేనెవరు" అని కవిత రాయమన్నాను. మొదటిసారి అందరూ భరతమాత బిడ్డలే. "థూ, గిది మీరేనా? మీ ఇంట్ల పొయ్యేది? మీ అవ్వేది?" అని కాగితాలన్నీ తిరిగి ఇచ్చేశాను. రెండోసారి మిరపచేలు వచ్చాయి, తండాలు వచ్చాయి, పొయ్యి ఊదే అవ్వ, తాగొచ్చి తన్నే నాయిన వచ్చారు. నా కడుపు నిండింది.

చివరి బెంచీలో ఒక అమ్మాయి ఉండేది. పిలిస్తే తప్ప పలకదు. తల్లీ తండ్రీ కూలికి పోతారు. ఆ పిల్ల రాసింది ఇది:

*బడిల నాకొక పేరుంది*
*మా అవ్వ పిలిచే పేరు వేరే ఉంది*
*ఐతారం రేకుల చర్చిల*
*ఆ పేరుతోనే మోకరిస్త*
*సోమారం బస్సెక్కేటప్పుడు*
*దాన్ని అవ్వ కొంగుల ముడేసి వస్త*

పదిహేనేళ్ల పిల్ల ఇంత మాట ఎట్లా అన్నదని స్టాఫ్ రూమ్‌లో అందరికీ చదివి వినిపించాను. లెక్కల సారు ఒక్కడే "జర చూస్కో మేడం" అన్నాడు. నాకు వినబడితేనా!

ఆ రెండు పేర్ల సంగతి నాకు తెలియక కాదు. మా ఊరిలోనూ ఉన్నాయి అలాంటి ఇళ్లు. ఎస్సీ కుటుంబం క్రైస్తవంలోకి మారిందని తేలితే కుల సర్టిఫికెట్ పోతుంది. దాంతో పిల్లల సీట్లూ పోతాయి. అందుకే కాగితంలో ఒక పేరు, ఇంట్లో ఇంకొకటి. ఊరంతటికీ తెలుసు. ఎవరూ రాసి పెట్టరు, అంతే. రాసి పెట్టింది నేను.

వరండాలో మా గోడపత్రిక ఉండేది. కవితల్ని పెద్ద చార్టు మీద అంటించేవాళ్లం. దానికి నేను పెట్టిన నియమం ఒకటే: కింద పేరు, ఊరు, తరగతి ఉండాలి. అంటించే రోజు ఆ పిల్ల మెల్లగా వచ్చింది.

"టీచర్, పేరు రాయకుంటె నడువదా?"

"ఎందుకే భయం? నీ బతుకు నువ్వు రాసుకున్నవ్. దొంగతనం చేసినవా ఏంది?" అని కసిరాను. వెళ్లి రాసింది.

తల్లిదండ్రుల మీటింగుకు ఆ పిల్ల ఊరి పెద్దాసామి ముఖ్య అతిథి. భూములున్నాయి, బడికి బెంచీలు ఇచ్చాడు. ఆయన వెంట వచ్చిన మనిషి చార్టు ముందు ఆగి ఫోన్ తీశాడు. మన పిల్లల కవితకు ఎంత గౌరవమని నేను పొంగిపోయాను. చార్టు ఒక మూల ఊడి వంకరగా ఉంటే నేనే సరిచేసి, నీడ పడకుండా పక్కకు జరిగి నిలబడ్డాను. అది తలచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ ఏడు వాళ్ల ఊరి సర్పంచ్ పదవి ఎస్సీ మహిళకు రిజర్వయింది. పెద్దాసామి తన దగ్గర పనిచేసే జీతగాడి భార్యను నిలబెట్టాలనుకున్నాడు. ఈ పిల్ల తల్లి నేనూ నిలబడతానన్నది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. వారం తిరక్కుండా ఆమె కుల సర్టిఫికెట్ మీద ఫిర్యాదు వెళ్లింది. సాక్ష్యం ఆ ఫొటో. పిల్ల పేరు, ఊరు, తరగతి, అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

తల్లి బడికి వచ్చింది. వరినాట్ల దగ్గర్నుంచి నేరుగా వచ్చినట్టుంది, కాళ్లకు బురద ఇంకా ఆరలేదు. అరుస్తుందేమోననుకున్నాను. అరవలేదు.

"టీచరమ్మా, మా బిడ్డకు చదువు చెప్పుమని తోలినం. మా ఇంటి గుట్టు గోడకంటియ్యమని తోలినమా?"

 

తర్వాత పెద్దాసామి దగ్గర్నుంచి కబురు వచ్చింది. ఆమె నామినేషన్ వేయకపోతే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారట. ఆమె వేయలేదు. కానీ ఒకసారి కదిలిన ఫైలు మూతపడాలంటే కాగితం కావాలి. ఆ కవిత నిజం కాదని పిల్ల రాసివ్వాలి, దాన్ని తెలుగు టీచర్ ధ్రువీకరించాలి.

హెడ్మాస్టర్ గదిలో ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని నేనే చెప్పాను, ఆమె రాసింది. "నేను రాసిన కవిత కేవలం కల్పన. అందులోని విషయాలు మా కుటుంబానికి సంబంధించినవి కావు. మా ఇంట్లో ఎవరూ చర్చికి వెళ్లరు."

ఆ వాక్యం సగంలో పెన్ను ఆగింది. నేను కిటికీలోంచి బయటకు చూశాను. గుమ్మం దగ్గర నిలబడిన తల్లే అన్నది.

"రాయి బిడ్డా. దేవునికి ఎరికే."

రాసింది. నేను చెప్పిన పుస్తకం భాషలో, ఒక్క తప్పు లేకుండా రాసింది. తరువాత తలెత్తి అడిగింది.

"టీచర్, దీని కింద గూడ పేరు, ఊరు, తరగతి రాయాల్నా?"

ఎత్తిపొడుస్తుందేమోనని మొహంలోకి చూశాను. లేదు. నేను నేర్పింది గుర్తుపెట్టుకుని నిజంగానే అడుగుతోంది.

"రాయాలె" అన్నాను.

బడిలో ఉన్న పేరే రాసింది. దాని కింద నేను సంతకం చేశాను.