మరోదా స్విచ్ పలకలేదు

మా భిలాయి టౌన్‌షిప్‌లో కొత్త నెట్‌వర్క్ స్విచ్‌లు పెడుతున్న రోజులవి. కరెంటివ్వగానే ఒక్కొక్కటీ సర్వర్ నుంచి ఎంత త్వరగా తన నెట్‌వర్క్ అడ్రస్ తెచ్చుకుంటుందో సర్వర్ రూంలో కూర్చుని చూడడం నా పని. ఆ రోజు మరోదా సెక్టార్‌లోది తప్ప అన్నీ క్షణాల్లో తెచ్చుకున్నాయి. అక్కడ స్విచ్ ఆన్ చేయాల్సింది మా టెక్నీషియన్ రమణన్న.

“సర్వరే స్లో భయ్యా, రీస్టార్ట్ చెయ్,” అన్నాడు పక్కనున్న సంతోష్. చేశాను. కేబుళ్లూ మార్చాను. చివరికి విసుగొచ్చి రమణన్నకు ఫోన్ చేశాను.

“ఏటన్నా, టీకెళిపోనావేటి?”

ఎత్తింది అక్కడి వాచ్‌మన్.

“మీ అన్న పడిపోనాడు బాబూ, పిలుస్తుంటే పలకట్లేదు.”

గుండెపోటు. రమణన్న మళ్లీ లేవలేదు.

ఆ స్విచ్ అసలు ఆన్ కానేలేదు; తర్వాత ఇంకొకరు ఆన్ చేస్తే వెంటనే అడ్రస్ వచ్చింది. ఇప్పుడు ఎక్కడ ఆలస్యమైనా, ముందు అక్కడి మనిషికే ఫోన్ చేస్తాను. అవతల గొంతు విన్నాకే సర్వర్ జోలికెళ్తాను.