మూడు చుట్టల దోవ

రైలొచ్చిన కొత్తల్లో శిమిలిగుడ స్టేషన్ నుంచి బొర్రా స్టేషన్‌దాకా నన్ను అడవిలో నడిపించింది ఒక అవ్వ. పట్టాలు లేని 1920ల్లో, చిన్నపిల్లగా ఆవిడ తిరిగిన దారే అది. కొండల్లో నడక నాకదే మొదటిసారి. శిమిలిగుడలో ఆగని సాయంత్రం బండి బొర్రాలో తప్పిపోతుందని ఒకటే భయం.

“ఎంత దూరం అవ్వా?”

“మూడు సుట్టల దోవ” అంది.

చుట్ట ముట్టించి, నిప్పు కొస నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ ముందు నడిచింది. నేను ఆయాసంతో చతికిలబడ్డప్పుడల్లా చుట్ట ఆర్పి చెవిమీద పెట్టుకునేది. నేను లేచాకే మళ్లీ ముట్టించేది. చివరికి నాకే జాలేసింది.

“నేను కూర్చున్నప్పుడైనా తాపీగా కాల్చుకోవచ్చు కదా అవ్వా!”

“నువ్వు కూకున్నప్పుడు కాలిస్తే మూడు సుట్టల దోవ నాలుగైపోద్ది బాబూ. అప్పుడు నీ గుండె జారిపోద్ది.”

బొర్రా ప్లాట్‌ఫారం ఎక్కేసరికి మూడో చుట్ట అయిపోయింది. బండి అందింది. కదిలాక కిటికీలోంచి వెనక్కి చూశాను. అవ్వ కాళ్లు బారజాపుకుని కూర్చుని, బొడ్డులోంచి నాలుగో చుట్ట తీసి ముట్టిస్తోంది.