కూయని కంప్యూటర్

ఆదోని పత్తి మార్కెట్లో అబ్బాస్ అలీ తండ్రి దూదిపోచను బొటనవేలితో సాగదీసి రకం చెప్పేవాడట. కంప్యూటర్లు బాగుచేసే అబ్బాస్ అలీ ర్యామ్ ముక్కను అలాగే తడుముతాడు. అంచులోని గాడి వేలికి తగలగానే అది ఏ మదర్‌బోర్డులో కూర్చుంటుందో చెప్పేస్తాడు. ఎవరైనా పాత కంప్యూటర్ తెస్తే, అందులో పనికొచ్చేవి ఉంచి, వాటితో పొసగేవే కొత్తవి కొనిపిస్తాడు. తీసేసిన ముక్కను మాత్రం పారేయడు. ఎమ్మిగనూరు సరస్వతీబాయి గారి కంప్యూటర్‌ను కూడా అలాగే బాగుచేసి పంపాడు. వారం తిరక్కుండా ఆవిడ దాన్ని ఆటోలో వెనక్కి తెచ్చింది.

“ఏం జత కుదిర్చినావప్పా? ఆన్ చేస్తే ఆరిపోతాంది. మా సారు బడిలో చెప్పిన పాఠాలన్నీ దీంట్లోనే ఉండేది. అవి వినక ఆయనకు అన్నం గూడా పోతాలేదు.”

అతను ప్రతి ముక్కా విప్పి చూశాడు. ఆమె ఎదుటే మూడుసార్లు ఆన్ చేశాడు. ఒక్కసారీ ఆరిపోలేదు.

“ఇంట్లో ఎవరు ఆన్ చేస్తారమ్మా?”

“ఆయనే. సూపు పోయినా ఆ పని నన్ను చేయనీరు. బటన్ నొక్కుతారు, ముందు మాదిరి కూత రాలేదని మళ్లీ నొక్కుతారు, అప్పుడే ఆరిపోతాది.”

అబ్బాస్ అలీ లేచి పాత సామాన్ల డబ్బా బోర్లించాడు. పాత బోర్డుతో పాటు తీసేసిన చింతగింజంత స్పీకర్ దొరికింది. కొత్త బోర్డులో దానికి చోటుంది, అతనే అవసరం లేదనుకున్నాడు. తగిలించి బటన్ నొక్కాడు. కంప్యూటర్ కుయ్‌మంది. సరస్వతీబాయి ఇంటికి ఫోన్ చేసి, “ఆపి మళ్లీ నొక్కప్పా” అంటూ ఫోన్‌ను దాని దగ్గర పెట్టింది.

“ఆఁ, అది మనదే,” అన్నాడు అవతలి నుంచి ఆమె భర్త సేతుమాధవరావు. “పట్టుకొని రా.”