ఎదమీద పడే కత్తికి ఏ ఉక్కు

1997లో నేను హొసకోటెలోని ఒక కత్తుల కర్మాగారంలో నాణ్యతా విభాగం మేనేజరుగా చేరాను. పాత యుద్ధాల వేషాలు కట్టే విదేశీయుల కోసం పూర్వపు నమూనాల్లో కత్తులు చేసి ఎగుమతి చేసేవాళ్ళం. లోహశాస్త్రం చదివి ఇదేం ఉద్యోగమయ్యా అని మావాళ్ళు ఎగతాళి చేసేవారు. ఎర్రగా కాలిన ఉక్కు నూనెలో మునిగినప్పుడు వచ్చే ఆ వాసన కోసం నాకిప్పటికీ ప్రాణం లాగుతుంది.

ఒకరోజు బెంగళూరు పాత పేట నుంచి నారాయణప్ప అనే నేతపని పెద్దాయన వచ్చాడు. చౌడేశ్వరమ్మ ఉత్సవంలో వాళ్ళు అలగు సేవ చేస్తారు. దూసిన కత్తులతో తమ ఎదను తామే కొట్టుకుంటూ అమ్మవారిని పిలుస్తారు. వాళ్ళింటి కత్తి పిడి దగ్గర బీటలిచ్చింది. ఆ ఏడాది ఆయన కొడుకు శంకర తొలిసారి కత్తి పట్టాలి.

మా సేల్స్ మేనేజరు షోరూమ్‌లోని స్టెయిన్‌లెస్ స్టీల్ కత్తి తెచ్చి చూపించాడు. ఆ మెరుపు పెద్దాయనకు తెగ నచ్చింది. అది గోడకు తగిలించే సరుకని, దెబ్బకు ఆగదని నేను అడ్డుపడ్డాను. ఎన్-45తో చేద్దామన్నాను. లారీ కమాన్ పట్టీలకు వాడే రకం ఉక్కు అది. వంగినా మళ్ళీ తిన్నగా అవుతుంది గానీ, నూనె రాయకపోతే తుప్పు పడుతుంది. ఆ తుప్పు మాటే ఆయనకు గిట్టలేదు.

“తుప్పు కత్తి అమ్మ ముందర ఎట్ల దూసేదప్పా? దినామూ తుడిచేకి ఇంట్లో ఎవురికి తీరిక ఉండాది?” అన్నాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉండేది. వాదన కట్టిపెట్టి పెద్దాయననూ, సేల్స్ మేనేజరునూ పరీక్ష గదికి తీసుకెళ్ళాను. మెరిసే కత్తిని బల్లకున్న ఇనుప బిగింపు వైస్‌లో బిగించి, వాళ్ళను వెనక్కి జరగమని, మొనను పక్కకు లాగించాను. కాస్త వంగి టప్పున విరిగింది. ముక్క ఎగిరి ఎదుటి ఇనుప తెరకు కొట్టుకుంది. తర్వాత ఎన్-45 కత్తిని బిగించాం. నూనెలో ముంచి గట్టిపరిచాక, మళ్ళీ మితంగా కాచి పెళుసుదనం తీసిన కత్తి అది. ఈ రెండో కాపునే టెంపరింగ్ అంటాం. విల్లులా వంచి వదిలితే తిన్నగా నిలబడింది.

నారాయణప్ప తెర దగ్గరికెళ్ళి, దానిమీద పడిన సొట్టను తడిమాడు. అది సరిగ్గా ఆయన ఎద ఎత్తున ఉంది.

“ఈడ నా కొడుకు ఉంటాడు,” అన్నాడు. నా వైపు తిరిగి, “నీ ఉక్కుతోనే చెయ్యప్పా. తుడిచేది నేను చూసుకుంటా.”

పాత ఇత్తడి పిడినే కొత్త కత్తికి బిగించి ఇచ్చాం.

2006లో, నా రిటైర్‌మెంటుకు ముందు, శంకర ఆ కత్తి తెచ్చాడు. అంచు నొక్కుకుపోయిన చోట్ల సాపు చేయించాలట. నారాయణప్ప పోయాడని అప్పుడే తెలిసింది. నాకు చాలా బాధేసింది. కత్తి నల్లబడింది గానీ, ఎంత వెదికినా తుప్పు చుక్క దొరకలేదు.

“నాయన పోయినాక నేనే తుడస్తాండా సార్,” అన్నాడు శంకర.

తుప్పు పట్టే ఉక్కు తన లోపాన్ని ముందే చూపించి మనిషికి పని చెబుతుంది. పెళుసు ఉక్కు ఏమీ చెప్పకుండా విరుగుతుంది. కత్తికి ఉక్కు ఎంచవలసి వచ్చిన ప్రతిసారీ నేను మొదటిదాన్నే ఎంచాను.